అరకులోయ తోటల పూర్వవృత్తము

ఉద్యానవనములు రాజుల విలాసమునకో, నగరవాసుల విశ్రాంతికో పుట్టుట లోకమున వాడుక. అరకులోయయందలి పద్మాపురము తోట మాత్రము సిపాయిల కూరగాయల కొఱకు పుట్టినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపై బాంబులు విడువగా, పట్టణవాసులు పెట్టెబేడలతో పల్లెలదారి పట్టిన యా యుద్ధకాలముననే, ఇంచుమించు మూడువేల అడుగుల యెత్తుననున్న యీ చల్లని లోయలో సేనలకు కూరలు పండించుటకై దొరతనమువారు నేల దున్నించిరి. యుద్ధము ముగిసిన పిదప కూరమడులు పూలమడులైనవి. నేడు గులాబీల నడుమ బొమ్మరైలెక్కి తిరుగు పిల్లలకు ఆ సంగతి చెప్పువా రుండరు.

ఏ జపానుతో పోరుటకై యీ తోట వేసిరో, ఆ జపానుకే బైలదిల్ల ఇనుపరాయి నమ్ముటకు 1960లో ఒడంబడిక కుదిరెను. ఆ రాతిని విశాఖ రేవునకు దింపుటకై ఆ దశకమున వేసిన కొత్తవలస–కిరందూలు రైలుదారి శృంగవరపుకోట మైదానమును విడిచి, బొడ్డవర, త్యాడ, చిమిడిపల్లి మీదుగా, సొరంగము వెంట సొరంగము దూరుచు, శిమిలిగూడ కడ 996 మీటర్ల యెత్తున కెక్కును. అంత యెత్తున బ్రాడ్‌గేజి స్టేషను దేశమున చిరకాలము మఱియొకటి లేకుండెను. అద్దాలపెట్టెలో కూర్చుండి లోయల నవలోకించు యాత్రికునకు ఎదురువచ్చు ఎఱ్ఱధూళి గూడ్సుబండ్లే ఆ దారికి అసలు యజమానులు, తక్కినవారు అతిథులు. అరకులో చూడదగినదని మనము చెప్పుకొను ప్రతిదాని వెనుకను మైదానపు అవసర మొకటి దాగియున్నదని నా యభిప్రాయము.

కాఫీయు నట్లే వచ్చినది. 1898లో తూర్పుగోదావరి మన్యమునందలి పాములేరు లోయలో దొరలు నాటిన మొక్క క్రమముగ ఈ కొండల కెక్కినది. అయితే దాని గతి వేఱు. సిల్వర్‌ఓక్ నీడన, మిరియపుతీగల సరసన, చిన్నచిన్న కమతములలో దానిని నేడు పెంచునది గిరిజన కుటుంబములే; 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక సూచిక లభించినది. పరాయివారి యవసరమునకు వచ్చినదానిని కొండవారు తమదిగ చేసికొన్న దృష్టాంతము ఇదియే.

లోయకు సొంతమైన వారసత్వము కంచెల లోపల నుండునది కాదు. బగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు, వాల్మీకులు మున్నగు జాతుల పల్లెలలో చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చును. విత్తనములను గ్రామదేవత ముందుంచి పూజించి, మగవారు విండ్లును బల్లెములును చేకొని వేటకు పోవుదురు. వట్టిచేతులతో తిరిగివచ్చినవారిపై పేడనీళ్లు చల్లి ఆడువారు గేలిచేయుట పూర్వాచారము. ఆ దినములలో ఆడువారు దారికడ్డముగ వాసమును పెట్టి, వచ్చుపోవు బండ్ల నాపి, ఆడుచు పాడుచు చిల్లర పుచ్చుకొందురు. సుంకము దండుకొను హక్కు దొరలకును ముఠాదారులకును దక్క మఱెవ్వరికిని లేకుండిన యీ కొండలలో, ఏటి కొక్కమాఱైనను ఆడువారు వసూలుచేయు నా సుంకము నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. ముఠాదారీ పద్ధతి 1969లో రద్దయినది. ఈ సుంకము మాత్రము నిలిచియున్నది. ఇక మోరి, తుడుము, డప్పు, కిరిడి మ్రోయగా, ఒకరి వెన్నుమీదుగ నొకరు చేతులు పెనవేసి, వరుస తెగకుండ పామువలె మెలికలు తిరుగుచు స్త్రీలాడు ధింసాకు వేదికయు టిక్కెట్టును పుట్టినవి నిన్నమొన్ననే.

1996లో అరకున వెలసిన గిరిజన ప్రదర్శనశాలలో పెండ్లి, వేట, వంటయిల్లు మున్నగునవి నిలువెత్తు బొమ్మలుగ కానవచ్చును. శిల్పుల నేర్పు కొనియాడదగినదే. కాని 1882 నాటి మద్రాసు అడవిచట్టము పోడు కొట్టుకొనువారిని నేరస్థుల చేసిన కథను, ఆ కడుపుమంటతో 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణాపై అల్లూరి సీతారామరాజు దండుతో కలిసి నడచిన కొండవారి కథను మట్టితో మలచుట సులభము కాదు.

బొర్రా గుహల చరిత్రయం దీ కథ మఱింత ప్రస్ఫుటము. సున్నపురాతిని కరగించుచు పైకప్పునుండి యొలుకు నీటిబొట్టు, తాను జాఱిపోవుటకు ముందు రవ్వంత సున్నమును అచ్చటనే విడిచిపోవును. క్రిందపడినపిదప మిగిలినదానిని నేలపై విడుచును. ఇట్లు వేలకొలది యేండ్లు గడువగా పైనుండి దిగు కొమ్మును, క్రిందనుండి లేచు కొమ్మును కలిసి స్తంభమగును. పైబొఱియనుండి ఆవు జాఱిపడగా దానిని వెదకుచు వచ్చిన పసులకాపరికి లోపల శివలింగము కనబడెనని స్థానికుల ఐతిహ్యము. గోస్తనీనది పుట్టుకను ఆ యావుతోనే ముడిపెట్టుదురు. భక్తుడు లింగమును చూచినచోట వ్యాపారి కాల్సైటును చూచెను. గిరిజనభూములు పరుల పాలు గాకుండ 1917లో నొక చట్టమును, 1959లో నొక నిబంధనయు వచ్చెను. 1970లో దానిని మఱింత బిగించిరి. అయినను ప్రభుత్వమే గిరిజనేతరులకు గనుల కౌళ్లిచ్చుచుండగా, అనంతగిరి మండలమున బొర్రా చుట్టుపట్లనున్న పల్లెల పక్షమున సమత యను సంస్థ న్యాయస్థానముల కెక్కినది. 1997 జూలై 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, ఆ నిబంధనయందు ప్రభుత్వమును సైతము ఒక వ్యక్తిగనే యెంచవలెననియు, షెడ్యూల్డు ప్రాంతములందలి ప్రభుత్వభూమిని గూడ గిరిజనేతరులకు గనులకై కౌలి కీయరాదనియు తీర్పు చెప్పినది.

భారతదేశమున గిరిజనహక్కులను గూర్చి వ్రాయు ప్రతి న్యాయవాదియు స్మరించు నా తీర్పు యీ గుహల పరిసరముననే పుట్టినది. కనుక పర్యాటకశాఖవారు దాని సారాంశమును తెలుగునను, కొండవారి భాషలలోను శిలాఫలకముపై చెక్కించి, టిక్కెట్టు కిటికీప్రక్కన నిలుపవలెనని నా విన్నపము.