కడుపులోని రెండవ గుండె
కదలిక తెలియక తల్లడిల్లు చూలాలికి పూర్వము మంత్రసాని చేయియే దిక్కు. 1821లో ఫ్రెంచి వైద్యుడు కెర్గారడెక్, శిశువు కదలునప్పుడు ఉమ్మనీటి సవ్వడి వినవచ్చునేమోయని యొక గర్భిణి ఉదరముపై స్టెతస్కోపు నానించెను. సవ్వడి లేదు; తల్లి నాడికి రెట్టింపు వేగమున మరియొక గుండె కొట్టుకొనుచుండెను! వెదకినది యొకటి, దొరకినది వేరొకటి.

అయినను ఆ చప్పుడు వినిన క్షణమునకే సాక్షి. కదలిక తగ్గినదను తల్లి మాటకు బదులు కాదు. 1976లో కార్డిఫ్ వైద్యులు పది కదలికలు లెక్కించు పట్టికను ప్రకటించిరి. 68,000కు పైగా గర్భిణులపై జరిగి 1989లో వెలువడిన పరిశోధనలో, ఆ లెక్కవలన శిశుమరణములు తగ్గినట్లు తేలలేదు. అందుచేత నేటి వైద్యులు అంకెకంటె మార్పునకే విలువ నిత్తురు: అలవాటైన కదలిక తగ్గినచో, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి రమ్మందురు.