జావాస్క్రిప్ట్ షరతుల్లో ప్రామిస్

ప్రామిస్ అనేది జావాస్క్రిప్ట్‌లో ఇంకా చేతికి అందని ఫలితం తరఫున నిలిచే ఆబ్జెక్ట్. సర్వర్ నుంచి డేటా తెప్పించడం, ఫైలు చదవడం వంటి పనులు మొదలుపెట్టే ఫంక్షన్లు దీన్ని వెంటనే తిరిగి ఇస్తాయి. దీనికి పెండింగ్, ఫుల్‌ఫిల్డ్, రిజెక్టెడ్ అని మూడు స్థితులు. 2015 నాటి ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణంలో ప్రామిస్, 2017 నాటి దానిలో అసింక్, అవెయిట్ చేరాయి.

షరతులో చిక్కు

ఇఫ్ తనకు అందిన విలువను అక్కడికక్కడే తేలుస్తుంది. ఫలితం కోసం ఆగదు. ప్రామిస్ ఆబ్జెక్ట్ కాబట్టి, లోపలి జవాబు ఏదైనా, ఎప్పుడూ ట్రూ కిందే లెక్క. వాడుకరికి అనుమతి ఉందో లేదో సర్వర్‌ను అడిగే ఫంక్షన్‌ను నేరుగా ఇఫ్‌లో పిలిస్తే, జవాబు ఫాల్స్ అయినా షరతు నెగ్గుతుంది. ఎర్రర్ కూడా కనిపించదు. అర్రే ఫిల్టర్ మెథడ్‌కు అసింక్ ఫంక్షన్ ఇచ్చినా ఇంతే: అది ఇచ్చేదీ ప్రామిసే కాబట్టి ఒక్క అంశమూ తొలగిపోదు.

అవెయిట్ వాడకం

పిలుపుకు ముందు అవెయిట్ పెడితే, ప్రామిస్ తేలేదాకా ఆ అవెయిట్ ఉన్న ఫంక్షన్ మాత్రమే ఆగుతుంది. మిగతా ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. షరతుకు అసలు విలువ అందుతుంది. పోలిక గుర్తుల కంటే అవెయిట్‌కే ప్రాధాన్యం ఎక్కువ. చుక్కకు మాత్రం అంతకన్నా ఎక్కువ. అందుకే వచ్చిన ఫలితంలోని ప్రాపర్టీని చదవాలంటే అవెయిట్ భాగాన్ని బ్రాకెట్లలో ఉంచాలి.

రెండు అవెయిట్‌లను ‘అండ్’ గుర్తుతో కలిపితే, మొదటిది ఫాల్స్ అయినప్పుడు రెండో అభ్యర్థన అసలు వెళ్లదు. రెండు జవాబులూ ఎలాగూ కావాలంటే ప్రామిస్ డాట్ ఆల్ వాటి కోసం ఒకేసారి వేచి ఉంటుంది. ఫిల్టర్ చిక్కుకూ ఇదే మందు: ముందు మ్యాప్‌తో జవాబులన్నీ రాబట్టి, తర్వాత వడపోయాలి.

శాఖల్లో జాగ్రత్తలు

షరతులో అవెయిట్ చేసిన ప్రామిస్ రిజెక్ట్ అయితే ఇఫ్ శాఖా నడవదు, ఎల్స్ శాఖా నడవదు, ఎక్సెప్షన్ లేస్తుంది. ‘అనుమతి లేదు’ అన్నది ఎల్స్‌లోకి, ‘అడగడమే కుదరలేదు’ అన్నది ట్రై-క్యాచ్‌లోకి వెళ్లాలి. ఒక శాఖ క్యాష్‌లోని విలువను, మరొకటి ప్రామిస్‌ను ఇచ్చినా ఇబ్బంది లేదు. అవెయిట్ రెండింటినీ స్వీకరిస్తుంది. అవెయిట్ బదులు దెన్ మెథడ్‌తో కట్టిన గొలుసులో మాత్రం శాఖలోని ప్రామిస్‌ను రిటర్న్ చేయకపోతే తర్వాతి మెట్టు దానికోసం ఆగదు. అవెయిట్ దగ్గర ఆగిన వ్యవధిలో వేరే కోడ్ నడిచి వేరియబుల్స్‌ను మార్చవచ్చు. అవెయిట్‌కు ముందు పరీక్షించిన షరతును తర్వాత మళ్లీ చూడాల్సి రావచ్చు.

గుర్తించే సాధనాలు

2021లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 4.3, స్ట్రిక్ట్ నల్ చెక్స్ ఆన్‌లో ఉంటే, అవెయిట్ మరిచిన ఇఫ్ షరతులను ఎర్రర్‌గా చూపుతుంది. టైప్‌స్క్రిప్ట్ ఈఎస్‌లింట్‌లోనూ ఇందుకు ప్రత్యేక నియమం ఉంది.