ఉద్దానం మూత్రపిండ వ్యాధి: దత్తాంశ పరిశీలనా సాధనాల చరిత్ర

ఉపోద్ఘాతం

ఉద్దానం శ్రీకాకుళం జిల్లా తీరంలోని కొబ్బరి, జీడితోటల సీమ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఇది విస్తరించింది. మధుమేహంతోగాని, అధిక రక్తపోటుతోగాని ముడిపెట్టలేని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఇక్కడ ప్రబలుతున్నదని 1990ల నుండి వైద్యులు గుర్తిస్తున్నారు. తాగునీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో శ్రమ ఒక్కొక్కటీ అనుమానానికి గురయ్యాయి. వీటిలో ఏదీ ఏకైక కారణంగా రుజువు కాలేదు. కారణం తెలియనిచోట దత్తాంశాన్ని ముందుగా ఎట్లా చూడాలి? ఈ ప్రశ్నకు గణాంకశాస్త్రం సమకూర్చుకున్న చిన్న సాధనాల చరిత్రను, ఉద్దానం విషయంలో వాటి ప్రయోజనాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సాధనాల పరిణామం

పరికల్పనను పరీక్షించడమే కాక, దత్తాంశాన్ని అన్వేషించడం కూడా గణాంకవేత్త పనియేనని అమెరికన్ శాస్త్రవేత్త జాన్ టూకీ 1977లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. కనిష్ఠం, గరిష్ఠం, మధ్యగతం, రెండు చతుర్థకాలు కలిసిన ఐదంకెల సారాంశాన్ని, దానిని చూపే పెట్టెపటాన్ని ఆయనే ప్రచారంలోకి తెచ్చాడు. అవి కాగితం, పెన్సిలుతో చేయదగినవి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1976లో జాన్ చేంబర్స్ బృందం ప్రారంభించిన 'ఎస్' భాష ఇటువంటి పరిశీలనకు కంప్యూటరును అనుకూలపరచింది. దానిని అనుసరించి 1990లలో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ 'ఆర్' భాషను నిర్మించారు. 2000 ఫిబ్రవరి 29న దాని 1.0.0 సంచిక వెలువడింది. 'ఫైవ్‌నమ్', 'సమ్మరీ', 'బాక్స్‌ప్లాట్' అనే ప్రమేయాలు టూకీ చేతిపనిని ఒక్కొక్క ఆదేశంగా మార్చాయి.

ఉద్దానానికి అన్వయం

ఊహాత్మకంగా తొమ్మిది మంది రక్తంలోని క్రియాటినిన్ విలువలను తీసుకుందాం: 0.7, 0.8, 0.8, 0.9, 0.9, 1.0, 1.1, 1.2, 8.8. సగటు 1.8, మధ్యగతం 0.9. సగటును మాత్రమే చూస్తే ఊరంతా రోగగ్రస్తమనిపిస్తుంది. మధ్యగతాన్ని మాత్రమే చూస్తే తీవ్ర రోగి ఒకరున్నారన్న సంగతి మరుగునపడుతుంది. ఐదంకెల సారాంశం రెండింటినీ ఒకేచోట నిలుపుతుంది.

నమోదుకాని విలువల సమస్య ఇంతకంటె గంభీరమైనది. మూత్రపిండ లోపం మూడు నెలలకు మించి కొనసాగితేనే దానిని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. కనుక రెండవ పరీక్ష అవసరం. వలస వెళ్లినవారు, మరణించినవారు దానికి అందరు. ఆర్ భాషలో ఒక్క విలువ లోపించినా, వదిలివేయమని ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప, సగటు ప్రమేయం అంకెను ఇవ్వదు. 'సమ్మరీ' ప్రమేయం లోపించిన విలువలెన్నో లెక్కించి చూపుతుంది.

ముగింపు

ఈ సాధనాలు వ్యాధికారణాన్ని చెప్పలేవు. తొందరపాటు నిర్ధారణను అడ్డుకోవడం, పట్టికలో ఖాళీగా మిగిలిన మనుషులను లెక్కలోనికి తేవడం వీటి ప్రయోజనం. కారణం ఇంకా తేలని ఉద్దానంలో పరిశోధన ఈ మెట్టును దాటవేయరాదు.