పరాయి గడ్డ మీద మనిషికి చట్టం పెట్టే పేర్లు

గుంటూరు జిల్లా పెదకాకాని మండలంలో ఏ ఊరికి వెళ్లినా, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో బిడ్డ ఉన్న ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేదు. అదే మండలంలో, నంబూరు దగ్గర జాతీయ రహదారి పక్కనున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో విదేశాల నుంచి వచ్చి చదువుకునేవాళ్లున్నారు. బౌద్ధం చదవడానికి మయన్మార్ నుంచి కూడా వస్తారు. మన పిల్లలు అక్కడ విదేశీయులు, ఆ పిల్లలు ఇక్కడ విదేశీయులు. అక్కడి చట్టం గురించి మన ఇళ్లలో భోజనాల దగ్గర కూడా మాట్లాడుకుంటాం. ఇక్కడి చట్టం సంగతి ఎవరికీ పట్టదు. రెండింట్లోనూ వచ్చే మాటల్ని ఒక్కొక్కటే విప్పి చదివితే ఒక సంగతి తేలుతుంది: మన రాజ్యాంగమైనా అమెరికా రాజ్యాంగమైనా పరాయివాడి ప్రాణానికి మాట ఇచ్చాయి గాని, అతను కాలూనడానికి ఇవ్వలేదు. మన పిల్లలు బతుకుతున్నది ఆ రెంటి మధ్యనే. అందుకే ఈ వ్యాఖ్య.

విదేశీయుడు

మన చట్టంలో దీని నిర్వచనం ఒక్క ముక్క: భారత పౌరుడు కానివాడు. ఏ భాష మాట్లాడతాడు, ఎన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నాడు అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి గుంటూరు పల్లెలకు వచ్చే కూలీలు గాని, ఒడిశా నుంచి పనికి వచ్చేవాళ్లు గాని వలస వచ్చినవాళ్లే తప్ప విదేశీయులు కారు. దేశంలో ఎక్కడైనా తిరగడానికి, ఎక్కడైనా కాపురం పెట్టడానికి 19వ అధికరణం వాళ్లకు హక్కు ఇచ్చింది. ఊళ్లో ఎవరైనా వాళ్లను బయటివాళ్లు అంటే అది ఊరి మాటే, చట్టం మాట కాదు.

అయితే మనిషి ఉన్నచోటే ఉన్నా సరిహద్దు వచ్చి అతణ్ని పరాయివాణ్ని చెయ్యగలదు. కోరంగి రేవు నుంచి, ఆ చుట్టుపక్కల తీరం నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలన్న పేరు పడింది. రంగూన్ రేవులో సరుకు ఎత్తింది, దించింది వాళ్లే. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేస్తే ఓడల కంపెనీలు బర్మావాళ్లను పనిలోకి తెచ్చాయి. సమ్మె తీరాక కొత్తవాళ్లను పొమ్మన్నారు. ఆ కోపం కంపెనీల మీదికి పోకుండా కోరంగీల మీద పడింది, రంగూన్ వీధుల్లో తెలుగు కూలీల నెత్తురు పారింది. 1937 ఏప్రిల్ 1న బర్మా మన దేశం నుంచి విడిపోయింది. అంతకు ముందు రోజు వరకూ అక్కడికి పోవడం అంటే ఒకే పాలన కింద ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోవడమే. 1941లో రెండు ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందం రాకపోకలకు పర్మిట్లు పెట్టజూసింది. మరుసటి ఏడు జపాన్ సేనలు రావడంతో లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ నడిచి పారిపోయారు. ఆ దారిలో ఎందరో చనిపోయారు. మిగిలినవాళ్లు 1948 తర్వాత స్వతంత్ర బర్మాలో కాగితాల్లేని పరదేశులయ్యారు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మరో విడత తిరిగివచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చినవాళ్ల కోసం 1969లో పెట్టిన రెప్కో బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది.

ఏ వ్యక్తికీ

రాజ్యాంగంలో 14వ అధికరణం, 21వ అధికరణం పౌరుడు అనవు, వ్యక్తి అంటాయి. చట్టం ముందు సమానత్వం ఏ వ్యక్తికీ నిరాకరించరాదు. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ తీసుకోరాదు. మాట్లాడే హక్కు, సంఘం పెట్టుకునే హక్కు, స్థిరపడే హక్కు చెప్పే 19వ అధికరణానికి వచ్చేసరికి ఆ మాట పౌరుడిగా మారిపోతుంది. రాజ్యాంగం రాసినవాళ్లు పొరపాటున మార్చిన మాట కాదిది.

చట్టాల సమాన రక్షణ అన్న మాట మనకు 1868 నాటి అమెరికా 14వ సవరణ నుంచి వచ్చింది. అక్కడ ఆ సవరణను పరాయివాడికి మొదట గట్టిగా వర్తింపజేసిన తీర్పు 1886 నాటిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క కట్టడాల్లో లాండ్రీ నడపాలంటే అనుమతి ఉండాలన్నారు. తెల్లవాళ్లకు ఇచ్చారు, చైనావాళ్లకు ఇవ్వలేదు. ఇక్ వో అన్న పేరు మీద నడిచిన ఆ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పౌరులు కాకపోయినా ఆ చాకిరేవుల యజమానులు వ్యక్తులే, వాళ్ల విషయంలో పక్షపాతం చెల్లదు అంది.

మన దేశంలో దీనికి సాటి వచ్చే తీర్పు 2000లో వచ్చింది. 1998లో కలకత్తా వచ్చిన ఒక బంగ్లాదేశ్ స్త్రీపై హౌరా స్టేషన్‌కు చెందిన యాత్రీ నివాస్‌లో రైల్వే ఉద్యోగులతో సహా కొందరు సామూహిక అత్యాచారం చేశారు. ఆమెకు రూ.10 లక్షల పరిహారం ఇవ్వాలని హైకోర్టు అంటే, ఆమె విదేశీయురాలు కదా, మన రాజ్యాంగ హక్కులు ఆమెకెలా వస్తాయని రైల్వే బోర్డు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వ సంస్థ ఒకటి ఆ వాదన పట్టుకుని దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోవడం తలుచుకుంటే ఇవాళ్టికీ మనసు మండుతుంది. 21వ అధికరణం ఈ గడ్డ మీదున్న ప్రతి మనిషిదీ అని కోర్టు పరిహారాన్ని ఖాయం చేసింది. మన అమ్మాయి పరాయి దేశంలో ఏ ఆపదలో పడినా అక్కడి కోర్టు పలకాల్సిన మాట ఇదే.

బహిష్కరణ

ఆ రక్షణకు హద్దు ఇక్కడుంది. 1955లో హాన్స్ ముల్లర్ అన్న జర్మన్ కేసులో సుప్రీంకోర్టు, విదేశీయుణ్ని పంపించివేసే అధికారం ప్రభుత్వానికి పూర్తిగా ఉందని చెప్పింది. ఆ మాటకు ఇంకా పదును తగ్గలేదు. లూయీ డి రేట్ అన్న బెల్జియం మిషనరీ 1937లో ఈ దేశానికి వచ్చారు, నడుమ రెండు చిన్న ప్రయాణాలు తప్ప ఇక్కడే ఉన్నారు. యాభై ఏళ్లయ్యాక వెళ్లిపొమ్మన్నారు. ఆయనకు ప్రాణ స్వేచ్ఛలున్నాయి గాని ఇక్కడ నివసించే హక్కు లేదని 1991లో తీర్పు వచ్చింది.

మా జిల్లాలో దీన్ని చదివితే మరో పేరు గుర్తుకు రాకుండా ఉండదు. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకు, పిల్లలకు ఆసుపత్రి కట్టి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆ ఆసుపత్రి ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. ఎన్నేళ్ల సేవ అయినా, నేటి చట్టం కింద అది వీసా గడువును ఒక్కరోజు కూడా పెంచదు. ఎన్నాళ్లు ఉన్నారన్నది లెక్కలోకి రావాలి. యాభై ఏళ్లు ఉన్నవాణ్నీ నిన్న దిగినవాణ్నీ ఒకే మాటతో సాగనంపే అధికారం న్యాయం అనిపించుకోదు.

నమోదు

2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1920 నాటి పాస్‌పోర్టు చట్టం, 1939 నాటి నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి రవాణా సంస్థల బాధ్యత చట్టం, నాలుగూ దానిలో కలిసిపోయాయి. మూడు తెల్లవాళ్ల కాలంలో పుట్టినవి, అందులో ఒకటి రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏటిది. భయం నుంచి పుట్టిన చట్టాలు అవి.

ఆచరణలో నమోదు ఇలా ఉంటుంది. విదేశీ అతిథి దిగిన లాడ్జివాళ్లు 24 గంటల్లోగా ఫారం పంపాలి. దాంట్లో పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఇక్కడి నుంచి ఎక్కడికి పోతారు, అన్నీ నింపాలి. విద్యాసంస్థలు తమ దగ్గర చేరిన విదేశీ విద్యార్థుల వివరాలు ఇవ్వాలి. పడకలున్న ఆసుపత్రి కూడా ఇవ్వాలి. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాళ్లు సాధారణంగా 14 రోజుల్లోగా పేరు నమోదు చేయించుకోవాలి, జిల్లాల్లో ఆ అధికారి ఎస్పీయే. వీసా గడువు దాటి ఉంటే మూడేళ్ల వరకు జైలు, రూ.3 లక్షల వరకు జరిమానా. వీసా లేకుండా ప్రవేశిస్తే ఐదేళ్లు, రూ.5 లక్షలు. దొంగ పాస్‌పోర్టుకు రెండు నుంచి ఏడేళ్లు.

ఈ కాగితాల బరువు మోసేది ఒక్క విద్యార్థే కాదు, ఇల్లు అద్దెకిచ్చిన మనిషి కూడా. దాంతో ఇల్లు ఇవ్వకపోవడమే తేలికైన దారి అవుతుంది. హైదరాబాద్‌లో చదివే ఆఫ్రికా విద్యార్థులకు అద్దె ఇల్లు దొరకని బాధ చాలాసార్లు పత్రికలకెక్కింది. డల్లాస్‌లో మన పిల్లవాడికి ఇల్లివ్వకపోతే ఏమంటామో ఇక్కడా అదే అనాలి.

రుజువు భారం

నేరం మోపినవాడే నేరాన్ని రుజువు చెయ్యాలి అన్నది మామూలు నియమం. ఇక్కడ అది తిరగబడింది. ఫలానా మనిషి విదేశీయుడా కాదా అన్న ప్రశ్న వస్తే, కానని చూపించుకోవాల్సింది ఆ మనిషే. 1946 చట్టంలో ఉన్న ఈ సూత్రాన్ని 2025 చట్టం అలాగే ఉంచింది. పుట్టిన తేదీ కాగితం లేని పేద పౌరుడి మీద కూడా ఈ సూత్రం వాలుతుంది. నాకు ఇందులో అన్నిటికన్నా భయంగా కనిపించేది ఇదే.

కఫీల్, అకామా, ఖల్లివల్లి

మా వైపు కన్నా కడప, గోదావరి జిల్లాల ఇళ్లలో ఈ మూడు మాటలూ ఎక్కువ. కఫీల్ అంటే గల్ఫ్‌లో మనిషికి పూచీపడే యజమాని. అకామా అంటే అతని పూచీ మీద వచ్చే నివాస కార్డు. ఆ కఫీల్ దగ్గర్నుంచి బయటపడి కార్డు చెల్లని స్థితిలో పనిచేసేవాడు ఖల్లివల్లి. ఇంట్లో కొడుతున్నారని పారిపోయిన పనిమనిషి మీద కఫీల్ పరారీ కేసు పెడితే, ఆ క్షణం నుంచి నేరం ఆమెదవుతుంది. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేక చట్టం చేసి పని గంటలకు హద్దు, వారానికో సెలవు రాసింది. ఖతార్ 2020లో యజమాని సమ్మతి లేకుండా ఉద్యోగం మారనిచ్చింది. మంచిదే. మనిషి ఉనికి మరో మనిషి సంతకం మీద ఆధారపడినంతకాలం ఆ రాతలన్నీ ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

స్టేటస్

అమెరికాలో మన పిల్లల ప్రాణమంతా ఈ మాటలో ఉంది. స్టేటస్ ఉంది, స్టేటస్ పోయింది. వీసా దేశంలోకి రానిస్తుంది, స్టేటస్ దేశంలో ఉండనిస్తుంది. విద్యార్థికి దాని ఆధారం ఐ-20 అన్న కాగితం, అది ఇచ్చేది కాలేజీ. కాలేజీ మోసమైతే?

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని మూసేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఫీజు కట్టించుకున్నవాళ్లది కదా తప్పు అని ఇక్కడి తల్లిదండ్రులు అల్లాడిపోయారు. దాని యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు పడింది. అయినా విద్యార్థులకు పోయిన స్టేటస్ తీర్పుతో తిరిగి రాలేదు. 2019లో బయటపడ్డ మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మరీ దారుణం. దాన్ని నడిపింది అధికారులే, వల పన్నడానికి. చేరినవాళ్లలో కొందరికి క్లాసుల్లేవని తెలుసు, అది నిజం. ప్రభుత్వమే తెరిచిన తలుపులోంచి వచ్చినవాణ్ని ప్రభుత్వమే దొంగ అనడం మాత్రం న్యాయం కాదు.

ప్రయారిటీ డేట్

గ్రీన్‌కార్డు వరుసలో మనిషి ఎప్పుడు నిలబడ్డాడో చెప్పే తేదీ ఇది. ఉద్యోగం మీద ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మామూలుగా 7 శాతానికి మించరాదు. ఐస్‌లాండ్‌కూ అంతే హద్దు, ఇండియాకూ అంతే. ఆ వరుసలో మనవాళ్లు పదేళ్లు దాటి నిలబడుతున్నారు. ఈలోగా ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకుంటే మూటాముల్లె సర్దాలి. రెండేళ్ల వయసులో అక్కడికి తీసుకెళ్లిన పిల్లకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోతుంది. అక్కడే బడికెళ్లి, అక్కడి యాసే మాట్లాడే పిల్ల కొత్తగా విద్యార్థి వీసా కోసం అర్జీ పెట్టుకోవాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా అర్జీలకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించాక, వరుసలో నిలబడడానికే వెల పెట్టినట్టయింది.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు అసలు వరుసే లేదు. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి తగరని 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో తేల్చారు, 1946లో అక్కడ కొత్త చట్టం వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. ఆ ఏళ్లన్నీ ఆయన హార్వర్డ్‌లో, లెడర్లీ మందుల కంపెనీలో, ప్రయోగశాలల్లో గడిపారు. 1948లో అక్కడే చనిపోయారు.

పుట్టుక

అక్కడ పుట్టిన మనవడు అమెరికన్ అవుతాడా లేదా అని పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కుదించే 2025 జనవరి అధ్యక్ష ఉత్తర్వు నుంచి మన ఇళ్లలో కలవరం. ఆ ఉత్తర్వును అక్కడి కోర్టులు అడ్డుకున్నాయి. మన దేశంలో సంగతేమిటి? 1987 జులై 1కి ముందు ఈ గడ్డ మీద పుడితే చాలు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఆ రెండోవారు అక్రమంగా వచ్చినవారు కూడా కాకూడదు. విదేశీ విద్యార్థి దంపతులకు గుంటూరు ఆసుపత్రిలో ఇవాళ పుట్టిన బిడ్డ భారత పౌరుడు కాడు. అక్కడ మనం కోరేదాన్ని ఇక్కడ మనం ఎప్పుడో తీసేశాం.

ఓసీఐ

మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అమెరికా పౌరసత్వం పుచ్చుకున్న క్షణమే మనది పోతుంది. ఆ తర్వాత ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు పౌరసత్వం అన్న పేరుంది గాని ఓటు లేదు, చట్టసభకు పోటీ లేదు. కార్డుదారు ప్లాటు కొనవచ్చు, ఫ్లాటు కొనవచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. తండ్రి చనిపోతే వచ్చే పత్తి చేను వారసత్వంగా తీసుకోవచ్చు. దాన్ని అమ్మాలంటే ఇక్కడ ఉండే భారత పౌరుడికే అమ్మాలి. 2021 మార్చి నోటిఫికేషన్‌తో, ఆ తర్వాత కార్డు పొందిన పిల్లలు నీట్‌లో ఎన్నారై సీట్లకే పరిమితమయ్యారు.

ఎమ్మెల్యే పదవి సంగతికి చెన్నమనేని రమేష్ కేసు చూడాలి. వేములవాడ నుంచి నాలుగుసార్లు గెలిచారు. మళ్లీ భారత పౌరసత్వానికి అర్జీ పెట్టే ముందు పన్నెండు నెలలు దేశంలోనే ఉన్నారా అన్న ప్రశ్న మీద ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చి, రూ.30 లక్షలు చెల్లించమంది.

శరణార్థి

ఈ మాటకు మన చట్టంలో చోటు లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చెయ్యలేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలు చట్టం దృష్టిలో విదేశీయులు మాత్రమే, వాళ్ల చేతిలోని ఐక్యరాజ్యసమితి కార్డుకు చట్టబలం లేదు. వాళ్లకున్నది 21వ అధికరణంలోని ఆ ఒక్క మాట, వ్యక్తి. దానితోనే 1996లో సుప్రీంకోర్టు అరుణాచల్‌లోని చక్మా శరణార్థులను తరిమెయ్యకుండా కాపాడమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే మాటను పట్టుకుని జమ్ములోని రోహింగ్యాలు వస్తే 2021లో, పద్ధతి పాటించి పంపించవచ్చని చెప్పింది. ఆశ్రయం కోరే మనిషి గోడు వినడానికి ఒక పద్ధతి ఉండాలని 2015లో శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. అలాంటి చట్టం కావాలి. బర్మా నుంచి నడిచొచ్చిన మనుషుల వారసులున్న తెలుగు నేల నుంచి ఆ కోరిక ముందుగా వినపడాలి.