తోదోస్ సాంతోస్‌కు వెళ్ళే దారి

గ్వాటెమాలా దేశంలో కూచుమతానెస్ కొండలెక్కి మీరొక్కరే వెళ్ళారనుకోండి. సుమారు 2,500 మీటర్ల ఎత్తున, మంచులో తోదోస్ సాంతోస్ అనే ఊరు కనిపిస్తుంది. సకల పునీతులు అని అర్థం; పేరు స్పానిష్‌వాళ్ళది, మనుషులు మాయాలు. మగవాళ్ళవి ఎర్రచారల లాగులు. ఆడవాళ్ళు మగ్గాన్ని నడుముకు కట్టుకుని నేస్తారు. ఇంట్లో మామ్ భాష, బడిలో స్పానిష్. ఇది మనకేమీ వింత కాదు లెండి.

1945లో మాడ్ ఓక్స్ అనే అమెరికన్ చిత్రకారిణి ఒంటరిగా వచ్చి ఈ ఊళ్ళో కాపురముంది. జబ్బుపడ్డవారికి తనకు తెలిసిన మందిచ్చింది. నెలలు గడిచాక గాని పూజారులు నోరు విప్పలేదు. చర్చి వచ్చి నాలుగు శతాబ్దాలైనా వాళ్ళు పాత లెక్కనే పాటిస్తున్నారు: 20 రోజుల పేర్లు, 13 అంకెలు, కలిపి 260 రోజుల చక్రం. మన పంచాంగంలాగే ఏ పనికి ఏ రోజు మంచిదో అందులోనే చూస్తారు. ఆమె 1951లో ఇదంతా పుస్తకంగా వేసింది.

తర్వాత అంతర్యుద్ధం. 1980ల మొదట్లో సైన్యం ఆ కొండల్లో ఊళ్ళకు ఊళ్ళే తగలబెట్టింది. దేశం మొత్తం మీద చనిపోయినవారు, మాయమైనవారు రెండు లక్షలకు పైనేనని 1999 నాటి విచారణ సంఘం తేల్చింది. గుర్తించిన బాధితుల్లో నూటికి 83 మంది మాయాలే. మాయమైనవారిలో పసిపిల్లలూ ఉన్నారు.

2000 ఏప్రిల్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు వస్తున్నారని పుకారు లేచింది. సంత చూడడానికి బస్సులో వచ్చిన జపాన్ యాత్రికులు ఫోటోలు తీస్తుంటే జనం మీదపడ్డారు. ఒక యాత్రికుణ్ణి, బస్సు డ్రైవర్‌ను చంపేశారు. ఘోరమే, కాదనను. కాని చంకలో బిడ్డతో నిలబడ్డ ఆ తల్లులకు ఆ కెమెరాల వెనకున్నదెవరో తెలియదు. వాళ్ళు ఊళ్ళోకి వచ్చింది ఆ పూటే.