ఆపిల్ క్రంబుల్

ఆపిల్ క్రంబుల్ బ్రిటన్ దేశానికి చెందిన ఒక తీపి వంటకం. ముక్కలుగా కోసిన ఆపిల్ పండ్లను లోతైన పళ్ళెంలో పరచి, వాటిపై మైదా, వెన్న, చక్కెరలను వేళ్ళతో నలిపి చేసిన పొడిపిండిని చల్లి, ఓవెన్‌లో కాల్చి దీనిని తయారుచేస్తారు. ఇంగ్లీషులో "క్రంబుల్" అనగా పొడిపొడిగా నలుగుట లేక రాలుట అని అర్థం. కాలిన పైపొర తినేటప్పుడు పలుకులుగా విడిపోతుంది కనుక ఈ పేరు వచ్చింది. ఇందులో గుడ్లు వాడరు. పిండిని పులియబెట్టడం, అప్పడాల కర్రతో వత్తడం వంటి పనులు లేనందువలన కొత్తగా వంట నేర్చుకొనేవారు కూడా దీనిని సులభంగా చేయగలరు.

ఋతువుతో సంబంధం

బ్రిటన్‌లో సెప్టెంబరు నుండి నవంబరు వరకు గల కాలాన్ని శరత్కాలంగా పరిగణిస్తారు. అక్కడ చెట్ల ఆకులు రాలేది ఈ నెలలలోనే. మన పంచాంగం ప్రకారం ఆకులు రాలే కాలం మాఘ, ఫాల్గుణ మాసాలలో వచ్చే శిశిర ఋతువు కనుక ఈ తేడాను గమనించాలి. ఇంగ్లాండు తోటలలో ఆపిల్ కోత ప్రధానంగా శరత్కాలంలో సాగుతుంది. చలి మొదలయ్యే రోజులు కావడంతో వేడివేడిగా తినే పండ్ల వంటకాలకు అప్పుడు గిరాకీ ఎక్కువ. ఇంగ్లాండులో 1990 నుండి అక్టోబరు 21న "ఆపిల్ దినం" జరుపుకొంటున్నారు. కామన్ గ్రౌండ్ అనే సంస్థ లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో దీనిని ప్రారంభించింది. అంతరించిపోతున్న స్థానిక ఆపిల్ రకాలను, పాత తోటలను ప్రజలకు గుర్తుచేయడం దీని ఉద్దేశం.

చరిత్ర

పిండి, వెన్న, చక్కెరలను నలిపి తీపి వంటకాలపై చల్లే పద్ధతి ఐరోపాలో పాతదే. జర్మనీలో కేకులపై చల్లే ఇటువంటి పొడిని "స్ట్రాయిజెల్" అంటారు. అమెరికాలో దీనిని పోలిన వంటకాన్ని "ఆపిల్ క్రిస్ప్" అంటారు. 1924లో అక్కడ వెలువడిన ఒక వంటల పుస్తకంలో ఆపిల్ క్రిస్ప్ తయారీ విధానం కనిపిస్తుంది.

బ్రిటన్‌లో క్రంబుల్ ఇంటింటి వంటకంగా మారడానికి రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఆహార కొరత ఒక ముఖ్య కారణమని చెబుతారు. ఆ కాలంలో బ్రిటన్ తన ఆహారంలో పెద్ద భాగాన్ని సముద్రం మీదుగా దిగుమతి చేసుకొనేది. జర్మనీ జలాంతర్గాములు సరకు నౌకలను ముంచివేస్తుండడంతో ప్రభుత్వం 1940 జనవరి 8న వెన్న, చక్కెర, పందిమాంసం (బేకన్) లపై రేషన్ విధించింది. కాలాన్ని బట్టి ఈ కోటాలు మారుతూ ఉన్నా, ఒక వయోజనుడికి వారానికి సాధారణంగా సుమారు 57 గ్రాముల వెన్న, 113 గ్రాముల మార్గరిన్, 227 గ్రాముల చక్కెర లభించేవి.

అంతకుముందు ఇంగ్లీషు ఇళ్ళలో పండ్లతో చేసే వంటకాలలో "పై" అనబడేది ప్రధానమైనది. దీనికి పళ్ళెం అడుగున ఒక పిండి పొర, మీద మరొక పిండి పొర కావాలి. ఈ రెండు పొరలకు కావలసిన కొవ్వులో సుమారు సగంతో క్రంబుల్ పైపొర సిద్ధమవుతుంది. క్రింద వివరించిన కొలతలో 90 గ్రాముల వెన్న ఉంది. ఇది ఆనాటి ఒక మనిషి వారం కోటా కంటే ఎక్కువ. అందుచేత గృహిణులు వెన్నకు బదులు మార్గరిన్ వాడేవారు, మైదాలో కొంత భాగానికి బదులు ఓట్స్ గానీ, ఎండిన రొట్టె పొడి గానీ కలిపేవారు. విదేశీ పండ్లు దొరకని ఆ రోజులలో ఇంటి పెరటిలో కాసిన ఆపిల్ పండ్లే ఆధారమయ్యాయి. యుద్ధం 1945లో ముగిసినా చక్కెర రేషన్ 1953 వరకు, మొత్తం ఆహార రేషన్ 1954 జూలై 4 వరకు కొనసాగాయి. ఇలా పద్నాలుగేళ్ళ పాటు పొదుపుగా వండుకొన్న వంటకాలలో కొన్ని కొరత తీరిన పిదప కనుమరుగైనా, క్రంబుల్ మాత్రం నిలిచిపోయింది.

బ్రామ్లీ ఆపిల్

బ్రిటన్‌లో క్రంబుల్‌కు ఎక్కువగా వాడేది బ్రామ్లీ అనే రకం. ఇది పెద్దగా, ఆకుపచ్చగా, చాలా పుల్లగా ఉంటుంది. పచ్చిగా తినడానికి బాగుండదు కాని, వండినప్పుడు మెత్తగా నురుగులా విచ్చుకొంటుంది. దీనిలోని పులుపుకు కారణం మాలిక్ ఆమ్లం.

ఈ రకానికి మూలమైన చెట్టు నాటింగ్‌హామ్‌షైర్ లోని సౌత్‌వెల్ పట్టణంలో ఉంది. 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే బాలిక నాటిన గింజల నుండి ఇది మొలిచింది. 1846లో ఆ ఇంటిని మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వర్తకుడు కొన్నాడు. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అనే యువకుడు అంటు కట్టడానికి కొమ్మలు అడుగగా, పండ్లకు తన పేరు పెట్టాలన్న షరతుతో బ్రామ్లీ అంగీకరించాడు. చెట్టును నాటిన బాలిక పేరు గాక, ఇంటిని కొన్నవాని పేరు పండుకు స్థిరపడింది. ఈ పండ్లు 1862 నాటికి అమ్మకానికి వచ్చాయి.

ఆపిల్ గింజ నాటితే తల్లిచెట్టు గుణాలు యథాతథంగా రావు. అందువలన కొమ్మలను అంటు కట్టి మాత్రమే ఒక రకాన్ని పెంచుతారు. అనగా నేడున్న బ్రామ్లీ చెట్లన్నీ ఆ ఒక్క చెట్టు నుండి వచ్చినవే. 1900లో తుఫానుకు పడిపోయిన మూలవృక్షం నేలకు తాకిన కొమ్మ నుండి తిరిగి లేచింది. తరువాతి కాలంలో దానికి హనీ ఫంగస్ అనే శిలీంధ్రం సోకింది. వేళ్ళను కుళ్ళించే ఈ తెగులుకు నివారణ లేదు. 1990లలో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కణజాల వర్ధనం ద్వారా ఈ చెట్టుకు ప్రతిరూపాలైన మొక్కలను తయారుచేశారు. కనుక మూలవృక్షం కూలిపోయినా దాని వంశం నిలుస్తుంది.

కావలసిన పదార్థాలు

ఈ కొలతలు 4 నుండి 6 మందికి సరిపోతాయి.

పండ్ల కొరకు:
• ఆపిల్ పండ్లు – 900 గ్రాములు (మధ్యరకం పండ్లు సుమారు 6)
• చక్కెర – 50 నుండి 75 గ్రాములు (పండ్ల పులుపును బట్టి)
• నిమ్మరసం – 1 పెద్ద చెంచా
• దాల్చినచెక్క పొడి – అర చిన్న చెంచా
• నీళ్ళు – 2 పెద్ద చెంచాలు

పైపొర కొరకు:
• మైదా – 180 గ్రాములు
• చల్లని వెన్న – 90 గ్రాములు
• చక్కెర లేక ముడి చక్కెర – 90 గ్రాములు
• ఉప్పు – చిటికెడు

పైపొరలో మైదా రెండు పాళ్ళు, వెన్న ఒక పాలు, చక్కెర ఒక పాలు ఉంటాయి. ఈ నిష్పత్తిని గుర్తుంచుకొంటే ఎంతమందికైనా లెక్క వేసుకొనవచ్చు. ఉప్పు కలిపిన వెన్న వాడితే వేరుగా ఉప్పు వేయనవసరం లేదు.

తయారుచేసే విధానం

1. ఓవెన్‌ను 180 డిగ్రీల సెల్సియస్ వద్ద ముందుగా వేడి చేయాలి. ఫ్యాను గల ఓవెన్ అయితే 160 డిగ్రీలు చాలును.
2. ఆపిల్ పండ్ల తొక్క తీసి, మధ్యనున్న గింజల భాగాన్ని తొలగించి, సుమారు 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. కోసిన వెంటనే నిమ్మరసం కలపాలి.
3. ముక్కలకు చక్కెర, దాల్చినచెక్క పొడి, నీళ్ళు కలిపి, సుమారు ఒకటిన్నర లీటరు పట్టే బేకింగ్ పళ్ళెంలో సమంగా పరచాలి.
4. వేరొక వెడల్పాటి గిన్నెలో మైదా, ఉప్పు వేసి, వెన్నను చిన్న ముక్కలుగా చేసి కలపాలి. వేళ్ళ కొనలతో పిండిని పైకి ఎత్తుతూ నలపాలి. అరచేతులు వాడితే వాటి వేడికి వెన్న కరిగిపోతుంది.
5. మిశ్రమం రొట్టె పొడి వలె అయిన తరువాత చక్కెర కలపాలి. అక్కడక్కడ శనగగింజంత ఉండలు మిగిలినా మంచిదే.
6. ఈ పొడిని ఆపిల్ ముక్కలపై వదులుగా చల్లాలి. చేతితో అదమరాదు.
7. 35 నుండి 45 నిమిషాలు కాల్చాలి. పైపొర బంగారు రంగుకు వచ్చి, అంచుల వద్ద పండ్ల రసం బుడగలుగా పొంగినప్పుడు వంటకం సిద్ధమైనట్లు.
8. బయటకు తీసి 10 నిమిషాలు ఆగి వడ్డించాలి. లోపలి రసం చాలా వేడిగా ఉంటుంది కనుక వెంటనే తింటే నోరు కాలే ప్రమాదం ఉంది.

విధానం వెనుక శాస్త్రం

మైదాకు నీళ్ళు తగిలి కలిపినప్పుడు అందులోని మాంసకృత్తులు గ్లూటెన్‌గా మారి పిండికి సాగే గుణాన్ని ఇస్తాయి. క్రంబుల్‌లో మొదట వెన్నను నలపడం వలన పిండి రేణువుల చుట్టూ కొవ్వు పూత ఏర్పడుతుంది. నీరు చేరదు, గ్లూటెన్ అల్లుకొనదు. కాబట్టి కాలిన తరువాత పైపొర గట్టి అట్టలా కాక పొడిపొడిగా ఉంటుంది. వెన్న ముందే కరిగితే పిండి ముద్దలా మారి ఈ గుణం పోతుంది. తెలుగు ప్రాంతాల వంటి వేడి ప్రదేశాలలో వెన్నను ఫ్రిజ్ నుండి చివరి నిమిషంలో తీయడం, నలిపిన పొడిని 10 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచడం మేలు.

పొడిని అదమకుండా చల్లడానికి కూడా కారణం ఉంది. రేణువుల మధ్య ఖాళీల గుండా పండ్ల నుండి వచ్చే ఆవిరి బయటకు పోతుంది. దారి మూసుకుపోతే ఆవిరి పైపొరను తడిపి మెత్తబరుస్తుంది.

వేడికి ఆపిల్ కణాలను పట్టి ఉంచే పెక్టిన్ సడలి ముక్కలు మెత్తబడతాయి. పైన మాంసకృత్తులు, చక్కెరల మధ్య జరిగే మెయిలార్డ్ చర్య వలన బంగారు రంగు, కమ్మని వాసన వస్తాయి. కోసిన ఆపిల్ గాలి తగిలి గోధుమరంగుకు మారడం ఒక ఎంజైము చర్య. నిమ్మరసంలోని ఆమ్లం దీనిని నెమ్మదింపజేస్తుంది.

రకాలు

• ఆపిల్, బ్లాక్‌బెర్రీ క్రంబుల్: పొలాల కంచెలపై కాసే బ్లాక్‌బెర్రీ పండ్లను ఆపిల్ ముక్కలతో కలుపుతారు. సెప్టెంబరు 29న వచ్చే మైకేల్‌మస్ పండుగ తరువాత ఈ పండ్లు కోయరాదని, సైతాను వాటిని పాడుచేస్తాడని ఇంగ్లాండులో ఒక జానపద విశ్వాసం ఉంది.
• రూబార్బ్ క్రంబుల్: పుల్లని రూబార్బ్ కాడలతో ప్రధానంగా వసంతకాలంలో చేస్తారు.
• ఓట్స్ క్రంబుల్: మైదాలో మూడవ వంతుకు బదులు ఓట్స్ వేస్తారు. పైపొర మరింత కరకరలాడుతుంది.

వడ్డన

దీనిని వేడిగా, కస్టర్డ్, మీగడ లేక వనిల్లా ఐస్‌క్రీముతో వడ్డిస్తారు. గుడ్లు లేని కస్టర్డ్ పొడిని 1837లో బర్మింగ్‌హామ్ నగరంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ రూపొందించాడు. తన భార్యకు గుడ్లు పడకపోవడమే అందుకు కారణం. మిగిలిన క్రంబుల్‌ను ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిల్వ ఉంచవచ్చు. తిరిగి ఓవెన్‌లో వేడి చేస్తే పైపొర కరకరలాడుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో ఆపిల్ పంట ప్రధానంగా జమ్మూ కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్‌ల నుండి వస్తుంది. అక్కడి కోత కూడా వేసవి చివర మొదలై శరత్కాలం వరకు సాగుతుంది. తెలంగాణలోని కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో వేడిని తట్టుకొనే హెచ్.ఆర్.ఎం.ఎన్-99 రకాన్ని పెంచగా 2020లో కాపు వచ్చింది.

మన బజారులో దొరికే ఆపిల్ పండ్లు అధికంగా తీపివి, వండినా ముక్కగా నిలిచేవి. వీటితో చేసేటప్పుడు చక్కెరను 50 గ్రాములకు మించనీయక, నిమ్మరసాన్ని రెండు పెద్ద చెంచాలకు పెంచాలి. ముక్కలను కొంచెం చిన్నవిగా కోస్తే బాగా ఉడుకుతాయి.

ఓవెన్ లేనివారు ఆపిల్ ముక్కలను మూతపెట్టి సన్నని మంటపై మగ్గించి, పొడిపిండిని వేరుగా మందపాటి మూకుడులో కలుపుతూ దోరగా వేయించి, వడ్డించేటప్పుడు పైన చల్లుకొనవచ్చు. రుచిలో కొంత భేదమున్నా పొడి కరకరలాడుతూనే ఉంటుంది.

జాగ్రత్తలు

గోధుమలలోని గ్లూటెన్ పడనివారు మైదా క్రంబుల్ తినరాదు. వారికి బియ్యప్పిండి, బాదం పొడి కలిపి పైపొర చేయవచ్చు. చక్కెర, కొవ్వు అధికంగా ఉండడం వలన మధుమేహం గలవారు దీనిని మితంగా మాత్రమే తీసుకొనాలి.

ఇవి కూడా చూడండి

• ఆపిల్
• దాల్చినచెక్క
• రెండవ ప్రపంచ యుద్ధం
• కస్టర్డ్