కోళ్ల కణితి వైరస్‌ల అంతర్నిర్మాణం

కోళ్లలో రక్త క్యాన్సర్‌నూ, సార్కోమా కణితులనూ కలిగించే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో ముఖ్యమైనవి ఆల్ఫారెట్రోవైరస్ ప్రజాతికి చెందుతాయి. కోళ్ల రైతులు ఎరిగిన మారెక్స్ వ్యాధి వీటిలో చేరదు. దానికి కారణం డీఎన్‌ఏ గల హెర్పిస్ వైరస్. ఆల్ఫారెట్రోవైరస్ రేణువు దాదాపు గుండ్రంగా, సుమారు 100 నానోమీటర్ల వ్యాసంతో ఉంటుంది. పైన కొవ్వు పొర, దాని కింద ప్రోటీన్ అస్తరు, నడుమ గట్టి గర్భం, అందులో ఆర్‌ఎన్‌ఏ, ఎంజైములు ఉంటాయి. ఈ అమరిక తెలియడానికి దాదాపు ముప్పావు శతాబ్దం పట్టింది.

తొలి ఆధారాలు

1908లో కోపెన్‌హాగెన్‌లో ఎల్లర్‌మన్, బ్యాంగ్ అనే శాస్త్రవేత్తలు కోళ్ల ల్యుకేమియాను కణాలు లేని వడపోత ద్రవంతోనే వేరే కోళ్లకు సోకించారు. 1911లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్, ప్లిమత్ రాక్ జాతి పెట్ట కణితి విషయంలోనూ అదే చూపించాడు. వడపోతను దాటివచ్చినది ఏమిటో, దానిలోపల ఏముందో చూసే సాధనం అప్పట్లో లేదు. ఈ పరిశోధనకు రౌస్‌కు నోబెల్ బహుమతి 1966లో, ఆయన 87వ ఏట వచ్చింది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక దారి తెరుచుకుంది. 1947లో క్లాడ్, పోర్టర్, పికెల్స్ కోడి కణితి కణాల్లో వైరస్ రేణువులను ఫొటో తీశారు. తరువాత ఫ్రాన్స్‌లో బెర్నార్డ్, పలచని కోతలను పరిశీలించి కణితి వైరస్‌లను ఏ, బీ, సీ రకాలుగా విడదీశాడు. కోళ్ల వైరస్‌లు సీ రకానికి చెందాయి: కణం పైపొర నుంచి మొగ్గలా ఉబికి విడివడతాయి, పక్వమయ్యాక నల్లని గర్భం సరిగ్గా మధ్యలో కనిపిస్తుంది.

రసాయన విశ్లేషణకు వైరస్ పెద్ద మొత్తంలో కావాలి. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బియర్డ్ బృందం మైలోబ్లాస్టోసిస్ అనే రక్త క్యాన్సర్ సోకిన కోళ్ల ప్లాస్మా నుంచి దాన్ని సమృద్ధిగా తీసింది.

ఆర్‌ఎన్‌ఏ, ఎంజైము

రౌస్ చూపిన కోడి కణితికి కారణమైన వైరస్‌లో, అంటే రౌస్ వైరస్‌లో, ఆర్‌ఎన్‌ఏ ఉందని 1961లో క్రాఫర్డ్ దంపతులు చూపారు. ఆ ఆర్‌ఎన్‌ఏను వేడిచేస్తే చిన్న భాగాలుగా విడిపోతుందని 1968లో డ్యూస్‌బర్గ్ గమనించాడు. ఒక్కో రేణువులో జన్యు సమాచారం రెండు ప్రతులుగా, ఒకదానికొకటి అతుక్కుని ఉంటుందన్న అవగాహనకు ఇదే పునాది.

ఈ ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారవుతుందని హోవర్డ్ టెమిన్ 1964లో ప్రతిపాదించినప్పుడు నమ్మినవారు తక్కువ. 1970లో టెమిన్, మిజుటాని శుద్ధిచేసిన రౌస్ వైరస్‌ను డిటర్జెంట్‌తో కలిపారు. పైపొర చెదరగానే లోపలి ఎంజైము పని బయటపడింది. అదే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. అదే సమయంలో డేవిడ్ బాల్టిమోర్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. వైరస్ తన ఎంజైమును గర్భంలోనే వెంట తెచ్చుకుంటుందని అలా రుజువైంది. ఆ ఎంజైము పని మొదలుపెట్టడానికి ఊతమిచ్చేది కోడి కణం నుంచి వైరస్ తీసుకున్న ట్రిప్టోఫాన్ టీఆర్‌ఎన్‌ఏ.

ప్రోటీన్ల లెక్క

1974లో ఈ వైరస్ ప్రోటీన్లకు ఉమ్మడి పేర్ల పద్ధతిని ప్రతిపాదించారు: ప్రోటీనుకు ‘పీ’, చక్కెర అంటిన ప్రోటీనుకు ‘జీపీ’, పక్కన అణుభారం వేలలో. బయటి ముళ్లు జీపీ85, జీపీ37. పొర కింది అస్తరు పీ19. గర్భపు గోడ పీ27. ఆర్‌ఎన్‌ఏను చుట్టుకునేది పీ12. గర్భానికి సంబంధించిన ఈ ప్రోటీన్లు విడివిడిగా పుట్టవు. 76 వేల అణుభారం గల ఒకే పెద్ద ప్రోటీనును ముక్కలు చేస్తే వస్తాయని 1973లో ఫోగ్ట్, ఐసెన్‌మన్ చూపారు. కోసే పని పీ15 అనే ప్రోటియేజ్‌ది. ఆ కోత పడేదాకా గర్భం గట్టిపడదు, వైరస్ సోకదు.

1983లో రౌస్ వైరస్ జన్యు క్రమమంతా చదివారు. పొడవు 9,312 న్యూక్లియోటైడ్లు. గ్యాగ్, పోల్, ఎన్వ్ అనే జన్యువుల తరువాత చివర సార్క్ అనే జన్యువు ఉంది. కణితికి కారణమైన ఈ జన్యువు మూలం మామూలు కోడి కణమేనని 1976లోనే బిషప్, వార్మస్ బృందం తేల్చింది.

1989లో రౌస్ వైరస్ ప్రోటియేజ్ స్ఫటిక నిర్మాణం వెలువడింది. రెట్రోవైరస్ ప్రోటియేజ్‌లలో ఆకృతి తెలిసిన మొదటిది ఇదే. అదే ఏడాది హెచ్‌ఐవీ ప్రోటియేజ్ ఆకృతీ తెలిసింది. దాన్ని అడ్డుకునే ఎయిడ్స్ మందుల రూపకల్పనకు ఈ నిర్మాణ జ్ఞానం తోడ్పడింది.

హెచ్‌ఐవీ గర్భం ఎక్కువగా శంకువులా ఉంటే, రౌస్ వైరస్ గర్భాలు రకరకాల బహుముఖ ఆకారాల్లో ఉంటాయి. వాటిలో పీ27 అణువులు ఆరేసి చొప్పున వలయాలుగా కూడడానికి కణాల్లో దొరికే ఐపీ6 అనే చిన్న అణువు సాయపడుతుందని 2021లో అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ చిత్రాలు చూపాయి.